అర్జీ మొదటి పేజీ

మార్చి 4

అక్కా,

మూడు నెలల్లో నాలుగుసార్లు, వేరుపడ్డాక నువ్వున్న పాత గదిలోకి దొంగలా వచ్చి వెళ్లింది నీ మొగుడు. గాలి కాదు, పిల్లి కాదు, ఇంటి ఓనరు కాదు, నీ మతిమరుపు అసలే కాదు. గొళ్లెం వంగకుండా, తాళం పగలకుండా తలుపు తీయగలిగినవాడు మన చుట్టాలందరిలో ఒక్కడే ఉన్నాడు, ఆ విద్యతోనే తాళాల షాపు పెట్టుకుని బతుకుతున్నాడు. ఈ మాట నువ్వు నోటితో అనలేకపోతున్నావు కాబట్టి నేను కాగితం మీద పెడుతున్నాను. పేరు పెట్టని అన్యాయం ఇంట్లో మనిషిలా తిరుగుతుందని మొన్న మా ప్రెస్సులో అచ్చువేసిన కరపత్రంలో ఉంది. నాలుగు వేల కాపీలు మడతపెట్టాను, ఆ వాక్యం నా వేళ్లకు కూడా వచ్చేసింది.

పోలీసులు ఏమన్నారో రాశావు. "ఏం పోలేదు, ఏం పగల్లేదు, ఇంకేం కేసమ్మా" అన్నారట. పోనీ వాళ్లను వదిలెయ్. నేను చదివిన చిన్న పుస్తకంలో ఇంకో దారి ఉంది. రక్షణ ఉత్తర్వు అంటారు. అది ఎవరినీ జైల్లో పెట్టే కేసు కాదు. కుటుంబ కోర్టులో నువ్వు అర్జీ పెడితే, ఫలానా మనిషి నీ ఇంటి దగ్గరికి, పని దగ్గరికి రాకూడదని, ఫోను చెయ్యకూడదని, కబురు కూడా పంపకూడదని జడ్జి కాగితం మీద రాసిస్తాడు. ఆ గీత దాటితే అప్పుడది నేరం. అప్పుడు పోలీసులు "ఏం పోలేదు" అనడానికి వీల్లేదు. లాయరు అక్కర్లేదు, రుసుం లేదు. కోర్టు కిటికీ దగ్గర ఫారం ఇస్తారు. తెచ్చి నాకు పోస్టు చెయ్. నేను రాస్తాను, నువ్వు తీసుకెళ్లి ఇవ్వు.

ఫోను మాత్రం చెయ్యకు. నీ ఫోను కొన్నదీ, అందులో అన్నీ పెట్టిందీ అతనే, మనం మాట్లాడింది అతనికి తెలిసిపోవచ్చు. కొత్త గది సంగతి నీకూ నాకూ మీ ల్యాబు పెద్దాయనకూ తప్ప ఇంకెవరికీ తెలియకూడదు. ముఖ్యంగా పిన్నికి. పిన్ని చెవిలో పడితే పత్రికలో పడ్డట్టే.

ఇకమీదట అతన్ని నేను బావ అనను.

నీ చెల్లెలు


మార్చి 9

చెల్లీ,

నీ ఉత్తరం చేరింది. కానీ కవరు రెండుసార్లు అంటించినట్టుంది. అంచు దగ్గర పాత జిగురు మీద కొత్త జిగురు ఉంది. ల్యాబులో పెట్టుడు పళ్ల సెట్లు చేసే చేతులే నావి, వెంట్రుకవాసి తేడా కూడా తెలిసిపోతుంది. ఎవరు తెరిచారు? మీ ప్రెస్సులో ఎవరన్నా ఆయన షాపువైపు వెళ్లే మనుషులున్నారా? నిజం రాయి.

కోర్టుకు వెళ్లొచ్చాను. రెండో అంతస్తులో నాలుగో కిటికీ. లోపల కూర్చున్నావిడ ముఖం ఎత్తకుండానే "కొట్టాడా?" అంది. లేదన్నాను. "మరి?" అంది. ఏం చెప్పాలో తెలియక, "నా చెప్పులు తిప్పి పెడతాడండీ" అన్నాను. అప్పుడు ముఖం ఎత్తింది. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "ఎన్నిసార్లు?" అని అడిగి, ఏడు పేజీల ఫారం ఇచ్చింది. "జరిగింది జరిగినట్టు రాయండి. ఏ రోజు, ఏ టైము, ఏం చేశాడు, ఏమన్నాడు. మీకు ఎలా అనిపించిందో ఆఖర్లో చాలు" అని చెప్పింది. సంతకం మాత్రం ఇంట్లో పెట్టకూడదట, తన ముందే ప్రమాణం చేసి పెట్టాలట.

ఫారం ఇందులో పెట్టాను. నువ్వే రాయి. నాకు కలం పట్టుకుంటే చెయ్యి వణుకుతోంది. నీ ఉత్తరంలో లేని సంగతులు కూడా చెబుతాను. కిందటేడు మీ బావ నన్ను రెండు రోజులు లోపల పెట్టి బయట తాళం వేసుకుపోయాడు. వచ్చాక, "మర్చిపోయానోయ్, అలవాటుగా వేసేశాను" అన్నాడు. నాలుగోసారి పాత గదికి వచ్చినప్పుడు నా దిండు మీద నా తాళంచెవికి నకలు పెట్టి వెళ్లాడు. కొత్తది, ఇంకా ఇనుపరజను అంటుకుని ఉంది. అది చూసే గది మారాను.

ఇప్పుడు ల్యాబు నుంచి నడిచి వెళ్లడం లేదు. పళ్ల పెట్టెలు క్లినిక్కులకు ఇచ్చొచ్చే వ్యానులో వెనక గేటు నుంచి పోయి, రోజుకో క్లినిక్కు దగ్గర దిగుతున్నాను. డ్రైవరు ఏమీ అడగడు. అడగకపోవడం కూడా అనుమానంగానే ఉంది. నా బతుకు ఇలా అయింది.

అక్క


మార్చి 14

అక్కా,

కవరు తెరిచింది నేనే. అంటించాక కరపత్రం ఒకటి పెట్టడం మర్చిపోయానని గుర్తొచ్చి మళ్లీ తెరిచాను. తీరా పెట్టకుండానే మళ్లీ అంటించాను, అది వేరే కథ. మా ప్రెస్సు వాళ్లను అనుమానించకు. ఇక్కడున్నది నలుగురే, అందులో ఒకరికి చెవులు వినబడవు.

నీ ఉత్తరంలో "మీ బావ" అని రాశావు. రెండు రోజులు గదిలో పెట్టి తాళం వేసినవాడికి ఇంకా వరస కలుపుతున్నావా? కలం వణికిందని రాశావు. ఎందుకు వణికింది? భయంతోనా, జాలితోనా? నాకు స్పష్టంగా చెప్పు. కిటికీ దాకా వెళ్లి వెనక్కి వచ్చేసినవాళ్ల గురించి కూడా పుస్తకంలో ఒక పేజీ ఉంది. ఆ పేజీలో నువ్వు ఉండకూడదు.

ఫారం నింపాను. మొదటి పేజీలో పేర్లూ వివరాలూ. తర్వాత అయిదు పేజీలు నా గుండె కోసి పెట్టాను. నీ తరఫున రాస్తున్నా నాకు కన్నీళ్లు ఆగలేదు. పక్కన బైండింగు చేసే ఆవిడకి చదివి వినిపిస్తే "ఇది అర్జీ కాదు, అగ్గి" అంది. ఒక్క అక్షరం మార్చకుండా ఇవ్వు.

తాత్కాలిక ఉత్తర్వు అడగడం మర్చిపోకు. అది అతన్ని పిలవకుండానే, నీ మాట మీదే ఆ రోజే ఇస్తారు. తర్వాత విచారణకు ఇద్దరినీ పిలుస్తారు. కాగితాలు అతనికి నువ్వు ఇవ్వకూడదు, పిన్ని చేత పంపకూడదు. కోర్టు మనిషే ఇవ్వాలి.

నీ చెల్లెలు


మార్చి 20

చెల్లీ,

అర్జీ ఇచ్చాను. వెనక్కి రాలేదు. ముందు ఆ మాట చెప్పి మిగతావి రాస్తాను, లేకపోతే నువ్వు చదవకుండానే కోప్పడతావు.

నీ అయిదు పేజీలు ఇవ్వలేదు. చింపలేదు కూడా, దాచుకున్నాను. "పురుషాధిక్యపు ఇనుప పాదం కింద నలుగుతున్న శ్రామిక మహిళ ఆక్రందన" అని మొదలుపెట్టావు. కిటికీ దగ్గరావిడ అది చదివి, "ఈ శ్రామిక మహిళ ఎవరమ్మా, మీ ఇంట్లో పనిమనిషా?" అంది. నేనేనన్నాను. "మీరైతే మీ మాటలో రాయండి. అయిదు పేజీల్లో ఒక్క తారీఖు లేదు" అంది.

ఏం చెయ్యాలో తోచక బెంచీ మీద కూర్చున్నాను. సంచీలో జాబ్ స్లిప్పుల పుస్తకం ఉంది. మా ల్యాబులో ఒక పళ్ల సెట్టు వస్తే స్లిప్పు రాస్తాం. ఎప్పుడొచ్చింది, ఏ స్థితిలో వచ్చింది, ఎవరు ముట్టుకున్నారు, ఎప్పుడు బయటికి పోయింది. పదకొండేళ్ల అలవాటు. పాత గదిలో మొదటిసారి చెప్పులు తిరిగి కనిపించినప్పుడు నాకు పిచ్చెక్కిందేమోనని భయమేసి, తేలుతుందిలే అని స్లిప్పు రాశాను. అప్పటినుంచి ప్రతిసారీ రాశాను. నీకు చెప్పలేదు, నవ్వుతావని. అవే చూసి తిరగరాశాను. ఒకటి నీకు పంపుతున్నా:

"జనవరి 9. ఉదయం 8:20కి తాళం వేశాను. సాయంత్రం 6:10కి తీశాను. చెప్పులు గోడవైపు తిరిగి ఉన్నాయి. గడియారం పావుగంట వెనక్కి. కిటికీ గడియ లోపల్నుంచి వేసే ఉంది. ఎవరూ ముట్టుకోలేదని ఓనరు చెప్పింది."

ఇలాంటివి నాలుగు. తాళం వేసి వెళ్లిన రెండు రోజుల గురించి ఒకటి. తాళంచెవి నకలు కూడా కవర్లో పెట్టి ఇచ్చాను. కిటికీ ఆవిడ చదువుతూ చదువుతూ కలం కింద పెట్టింది. మొదటి పేజీ నీ దస్తూరీలో అచ్చుగుద్దినట్టు ఉందని, అది అలాగే ఉంచి, మిగతావి మార్చి, ఆవిడ ముందు ప్రమాణం చేసి సంతకం పెట్టాను.

గంటన్నరకి పిలిచారు. జడ్జి ఒక్క ప్రశ్నే అడిగాడు. "ఇప్పుడు మీరుండేచోటు అతనికి తెలుసా?" తెలియదన్నాను. తాత్కాలిక ఉత్తర్వు ఇచ్చారు. కాపీ ఎప్పుడూ సంచీలో పెట్టుకోమన్నారు. ఏప్రిల్ 10న విచారణ. ఆరోజు ఆయన వచ్చి అబద్ధమంటే, నేను నిజమని చూపించలేకపోతే, ఉత్తర్వు పోతుంది. నిలబడితే రెండేళ్లు ఉంటుంది.

ఇవ్వాళ కిటికీ తెరిచి పెట్టుకుని భోజనం చేశాను.

అక్క


మార్చి 28

చెల్లీ,

నిన్న పిన్ని ల్యాబుకు వచ్చింది. పళ్లు చూపించుకునే వంకతో వచ్చింది, పిన్నికున్నవన్నీ సొంత పళ్లే. కూర్చుని, మంచినీళ్లు తాగి, "నీకో మంచిమాట చెప్పమన్నాడే మీ ఆయన" అంది. నేను వద్దంటున్నా చెప్పింది.

"ఆ నీలం తలుపుకున్న తాళం పనికిరాదు, పిల్లలు కూడా తీసేస్తారు, మంచిది వేయించుకోమను."

చెల్లీ, నా తలుపు నీలం.

చేతిలో ఉన్న పళ్ల అచ్చు కింద పడి రెండు ముక్కలైంది. పిన్నికి ఏమీ అర్థం కాలేదు. "నీ మీద అంత ఆపేక్ష ఉన్నవాడిని కోర్టుకెక్కించావే" అంటోంది.

ఈ గది ముగ్గురికే తెలుసని రాసింది నువ్వు. నేను చెప్పలేదు. మిగిలింది పెద్దాయన, నువ్వు. ఈ మాట రాయడానికి పొద్దుటినుంచి మూడు కాగితాలు పాడుచేశాను. పిన్ని ఇంకోటి కూడా చెప్పింది. "మరదలితో మాట్లాడాడట, అది బాగానే మాట్లాడిందట" అని. ఎప్పుడు మాట్లాడావు? నాకెందుకు చెప్పలేదు? మీరిద్దరూ ఎంత సరదాగా ఉండేవారో నేను మర్చిపోలేదు. తాళం తీయడం నీకు నేర్పింది ఆయనే. హెయిర్ పిన్నుతో పెట్టె తీసి ఇల్లంతా గంతులేశావు.

అడుగుతున్నాను, అంతే. జవాబు రాయి.

అక్క


ఏప్రిల్ 1

అక్కా,

నన్నే అనుమానించావు. సరే. అనుమానం ముందు అందరూ సమానమేనని నేనే కదా అంటుంటాను. జవాబు చెబుతాను.

అతను ప్రెస్సుకు ఫోను చేసిన మాట నిజం. మార్చి 12న. "మరదలా, ఎలా ఉన్నావ్, మీ అక్కకి నేనేం చేశాను? తాళం గట్టిదో కాదో చూసొచ్చాను, అది నా వృత్తి" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నేను నవ్వలేదు. "నీ వృత్తి సంగతి కోర్టులో తేలుతుంది" అన్నాను. అలా ముందే హెచ్చరించకుండా ఉండాల్సిందని ఫోను పెట్టేశాక తెలిసింది. నీకు అందుకే చెప్పలేదు. సిగ్గేసింది. కానీ నీ గది గురించి ఒక్క అక్షరం చెప్పలేదు. పెట్టెలు తీయడం నేర్చుకున్నప్పుడు నాకు పదిహేనేళ్లు. ఇప్పుడు ఆ విద్య తలుచుకుంటే వేళ్లు కడుక్కోవాలనిపిస్తుంది.

మరి ఎవరు? పెద్దాయన నీకు అప్పుడప్పుడూ "పోనీలేమ్మా" అంటాడని ఇదివరకోసారి రాశావు, పోనీలే అనేవాళ్లను నేను నమ్మను. వ్యాను డ్రైవరు ఏమీ అడగడన్నావు, తెలిసినవాడు ఎందుకడుగుతాడు? ఓనరు? పోస్టు మనిషి? నాకు మా ప్రెస్సు మెట్ల మీద నిలబడ్డవాళ్ల మీద కూడా అనుమానంగా ఉంది. అతని షాపు షట్టరు మీద అతను చేసిందంతా అచ్చువేసి అంటిస్తాను. అక్షరాలు కూర్చి కంపోజింగు కూడా మొదలుపెట్టాను.

ఒక్కటి మాత్రం చెయ్. ఉత్తర్వులో "ఇతరుల ద్వారా కబురు పంపకూడదు" అని ఉంటుంది, చూడు. పిన్ని తెచ్చింది మంచిమాట కాదు, ఉల్లంఘన. రాసి పెట్టు, పోలీసులకు చెప్పు.

నీ చెల్లెలు (నమ్మితే)


ఏప్రిల్ 4

చెల్లీ,

పోస్టర్లు అంటించకు. అంటిస్తే "ఈ కుటుంబమే నా పరువు తీస్తోంది" అని జడ్జికి అవే చూపిస్తాడు. అచ్చు ఆపెయ్.

పోలీసుల దగ్గరికి వెళ్లాను. ఈసారి "ఏం పోలేదు" అనలేదు. ఉత్తర్వు చూసి రాసుకున్నారు. "అడ్రసు ఎలా తెలిసింది?" అని అడిగారు. తెలియదన్నాను. "అతనికి అందజేసిన కాగితాలు చూశారా?" అన్నాడు ఒకాయన. చూడలేదు.

అక్కణ్నుంచి నేరుగా నాలుగో కిటికీకి వెళ్లాను. ఆవిడ ఫైలు తీసి నా ముందు పెట్టింది. అర్జీ మొత్తం కాపీ తీసి ఆయనకి ఇస్తారు. అవతలి మనిషి తన మీద ఏం రాశారో చదువుకోవాలి కదా, అది న్యాయమే. మొదటి పేజీలో "మీ చిరునామా" అని ఒక గడి. దాని కింద చిన్న అక్షరాలు: "చిరునామా గోప్యంగా ఉంచాలనుకుంటే ఇక్కడ రాయవద్దు. విడి కాగితం మీద రాసి ఇవ్వండి." ఆ చిన్న అక్షరాల మీద నుంచే, అచ్చుగుద్దినట్టున్న దస్తూరీలో, గది నంబరు, అంతస్తు, వీధి, మలుపు, "నీలం తలుపు" అని కూడా.

"మీరు చూసుకోలేదా?" అంది ఆవిడ. చూసుకోలేదు. నీ అయిదు పేజీలు భయపడుతూ అక్షరం అక్షరం చదివాను. నువ్వు మామూలుగా రాసిన ఒక్క పేజీని నమ్మి వదిలేశాను.

పెద్దాయనకు క్షమాపణ చెప్పాను. ఆయన్ని వారం రోజులుగా దొంగచూపులు చూస్తున్నానని ఆయనకు తెలుసట. "పోనీలేమ్మా" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

గది మారాను. చిరునామా విడి కాగితం మీద రాసి, కవర్లో పెట్టి, కిటికీ ఆవిడకు ఇచ్చాను. ఎక్కడున్నానో నీకు చెప్పను. కోపంతో కాదు. నీకు తెలిస్తే ఆ గుట్టు నువ్వు కూడా మోయాలి, నీకు ఏదీ మోస్తూ ఊరుకోవడం రాదు. ఉత్తరాలు ల్యాబుకే రాయి.

పిన్నిని సాక్ష్యం చెప్పమని అడిగాను. "నన్నెందుకే లాగుతావ్, మొగుడూ పెళ్లాల మధ్య నేనా" అంది. పిన్ని చెప్పకపోతే ఆ కబురు పంపలేదంటాడు. స్లిప్పులు నేనే రాసుకున్నానంటాడు. నేనే అన్నీ ఊహించుకుంటున్నానని ఆయన ఎంత నెమ్మదిగా చెబుతాడో నీకు తెలుసు. నెమ్మదిగా చెప్పేవాడినే నమ్ముతారు.

10వ తేదీన పది గంటలకు పిలుస్తారు. నువ్వు వస్తావో రావో నీ ఇష్టం. వస్తే నోరు తెరవకు.

అక్క


ఏప్రిల్ 7

అక్కా,

నీ ఇంటి దారి అతనికి చూపించింది నేను. పెద్దాయన కాదు, డ్రైవరు కాదు, పిన్ని కాదు. ఈ మాట కూడా ముందే కాగితం మీద పెట్టాలి.

ఆ చిన్న అక్షరాలు నేను చదవలేదని అబద్ధం ఆడను. చదివాను. చదివి, వీళ్లు మనల్ని దాక్కోమంటున్నారు, దాక్కోవాల్సింది అతను కదా అనుకున్నాను. మా ప్రెస్సులో కరపత్రం కింద వేసినవాళ్ల పేరూ అడ్రసూ లేకపోతే మిషను ఎక్కించం. అడ్రసు లేని కాగితం పిరికివాడి కాగితం అని మా యజమాని చేరిన రోజే చెప్పాడు, నేనది అయిదేళ్లుగా మంత్రంలా పట్టుకున్నాను. గడిలో చోటు సరిపోక "నీలం తలుపు" అని కుదించి రాసి, ఎంత బాగా కుదిరిందో అని ముచ్చటపడ్డాను కూడా. కరపత్రం ఊరందరి కోసం వేసేది. నీ అర్జీ చేరింది ఒక్కడికి. ఆ తేడా నాకు తట్టలేదు. క్షమించమని అడగను, ఇప్పుడు అడిగితే నువ్వు నా కోసం మెత్తబడాలి, ఈ వారం నువ్వు ఎవరి కోసమూ మెత్తబడకూడదు.

కంపోజు చేసిన పోస్టరు చెదరగొట్టేశాను. అక్షరాలు గళ్లలో వేసేశాను.

నిన్న బస్సెక్కి పిన్ని ఇంటికి వెళ్లాను. దారంతా ఉపన్యాసం సిద్ధం చేసుకున్నాను, గుమ్మంలో చెప్పులు విడుస్తూ దాన్ని కూడా అక్కడే విడిచాను. పిన్ని బట్టలు మడతపెడుతోంది. "నువ్వు కూడా మొదలెట్టకే" అంది. మొదలెట్టలేదు. రెండో దుప్పటి చివర పట్టుకుని మడత సాయం పట్టి, ఒక్కటే అడిగాను.

"పిన్నీ, అక్క తలుపు నీలమని నీకు ముందే తెలుసా?"

"నాకెలా తెలుస్తుందే? అదెక్కడుంటుందో నాకు చెప్పందే. అతనే అన్నాడు."

"అతనికి అడ్రసు కాగితంలో దొరికింది, అది నా తప్పు. కానీ తాళం పనికిరాదని కాగితంలో నేను రాయలేదు."

పిన్ని దుప్పటి నా చేతిలో వదిలేసి లేచి, వీధి తలుపు దగ్గరకు వెళ్లింది. గడియ వేసింది, తీసింది. వంగి తాళం రంధ్రంలోకి చూసింది. మోకాళ్ల నొప్పులు, అయినా చాలాసేపు వంగే ఉంది.

"ఇది కూడా అతను బిగించిందేనే," అంది. "పండక్కి పెట్టినట్టు ఉత్తినే బిగించి పెట్టాడు. ఎంత మంచివాడో అని వీధంతా చెప్పాను."

మళ్లీ తనే అంది. "పోయిన నెల నా కళ్లజోడు దిండు కింద దొరికింది. నేనక్కడ పెట్టను. ముసలితనం అనుకున్నాను."

అతనే పెట్టాడని నేను అనలేదు. తెలియని సంగతి తెలియనట్టే ఉంచడం నీ స్లిప్పుల దగ్గర నేర్చుకున్నాను. పిన్ని కుర్చీ తెచ్చి తలుపుకు ఆనించి దాని మీద కూర్చుంది. "ఎన్నింటికి రావాలన్నావ్?" అంది.

తనకు చెప్పిన మాట చెప్పినట్టు, ఏ రోజు, ఏ టైముకు, ఎక్కడ కూర్చుని చెప్పాడో అన్నీ తన నోటితో తనే చెబుతుంది. నేను నేర్పలేదు, రాయించలేదు. మీ పెద్దాయనకు కూడా ఫోను చేశాను. నువ్వు స్లిప్పులు రాసే పుస్తకం ల్యాబు పనిలో ఎన్నేళ్లుగా ఎలా వాడతారో చెప్పడానికి వస్తానన్నాడు.

కాబట్టి ఈ పిలుపు. పిన్ని, పెద్దాయన, నేను, మా బైండింగు ఆవిడ. గురువారం, ఏప్రిల్ 10. కుటుంబ కోర్టు రెండో అంతస్తు, నాలుగో కిటికీ ఎదురుగా ఉన్న బెంచీ. నువ్వు ఏ వీధిలోంచి వస్తావో, ఏ బస్సు దిగుతావో మాలో ఎవరూ బయట నిలబడి చూడరు. నువ్వు వచ్చేసరికి అందరం లోపలే కూర్చుని ఉంటాం. అతను వచ్చి మన బెంచీ మీదే కూర్చోవాలని చూసినా చోటు ఉండదు. నేను నోరు తెరవను.

పదికి కాదు. తొమ్మిదిన్నరకు.

చెల్లెలు